కొసరు

క్వార్ట్‌సైట్ ఎడారి. జూన్ నెల.
నిచ్చెన పట్టుకుంటే అరచెయ్యి బొబ్బలెక్కింది.
ఇంత ఎండ కాస్తుంటే
మీటరులో అంకె ఎందుకు పడిపోతోందని అడిగాను.
"పలకలకీ వడదెబ్బ తగులుతుంది, ఆర్డిత్"
ముక్కులో గొట్టం తియ్యకుండానే అన్నావు.

తడిగుడ్డతో దుమ్ము తుడిస్తే
నాలుగు వాట్లు కొసరు వేశాడు
పిసినారి సూర్యుడు.

జనవరిలో వేరే బాధ.
పొద్దు నడినెత్తికి రాదు, పక్కచూపులు చూస్తూ పోతుంది.
పలకల కింద చెక్కముక్కలు దోపి దక్షిణానికి ఎత్తేదాన్ని.
నిచ్చెన ఎక్కలేని నువ్వు
కిందనుంచి "ఇంకో బెత్తెడు, ఇంకో బెత్తెడు".

"పైకి పోదాం, మా లెడ్‌విల్‌కి.
అక్కడ గాలి పలచన,
ఎండకి జల్లెడ అడ్డం ఉండదు" అన్నావు.
ఆ కొండ కడుపులోనే
ముప్ఫై ఏళ్ళు రాతిదుమ్ము పీల్చావు.
ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

పదివేల అడుగులు.
శిఖరాల మీద కరగని మంచు మరకలు,
చల్లగా పలకలు,
పదిన్నరకే నిండిన బ్యాటరీ.
ఒంటిగంటకి ఒక తెల్లమబ్బు అంచు
సూర్యుణ్ణి ఒరుసుకుంటూ పోయిందా,
పలక వెనక అచ్చేసిన వాట్లు దాటిపోయింది అంకె!
వెర్లిన్, చూడు చూడు అని పిలిచాను.

నువ్వు మంచం అంచున
మోకాళ్ళ మీద చేతులాన్చి
ఊపిరికోసం వంగి ఉన్నావు.
వేలికున్న క్లిప్పులో ఎనభై ఒకటి.

యంత్రాన్ని రెండునుంచి నాలుగుకి తిప్పాను.
ఐదుకి.
పలకలు పోసిందంతా గటగటా తాగేసింది.
గాలి మనకేం బాకీ లేదు,
ఒకరి దోసిట్లో పోసింది
ఇంకొకరి దోసిట్లోంచి తీసిందే.

రెండింటికి ఉరుము. వడగళ్ళు. అంకె పదకొండు.

ఒక్క రాత్రి ఉందామన్నావు.
కిటికీలోంచి మీ నాన్న దిగిన గని చూపించి
పేరు చెప్పబోయి, గాలి చాలక, ఊరుకున్నావు.

తెల్లారగట్లే బండి తీశాను.
నది వెంట కిందికి, కిందికి.
లెక్కల పుస్తకంలో వాట్ల గడి ఖాళీ,
పక్కన కొత్తగా గీసిన గడిలో
ఎనభై నాలుగు, ఎనభై ఏడు.
సలైడాలో తొంభై,
కొసరుగా ఒక దగ్గు, నా డ్రైవింగు మీద ఒక తిట్టు.

పెద్ద చెట్టుకింద ఆపమన్నావు.
నీడలో పలకలేం చేస్తాయని అడగలేదు.
యంత్రాన్ని రెండుకి తగ్గించాను.
మీటరులో తొమ్మిది.
నువ్వు నిద్రపోయావు.

నిచ్చెన తియ్యలేదు.