మూడు కాళ్ళ బేరం

కుతైసిలో, పాత బజారు వెనక సందులో
ఒటారి కొట్టుకి వచ్చింది సియాలా,
చేతిలో ఐదు కిలోల బంగాళాదుంపల సంచితో.

నల్లగా మెరిసేదొకటి తీసి చూపించాడు ఒటారి.
"ఒక్క వేలితో ఎత్తొచ్చు, ఈక లాంటిది."
ఆవిడ దాన్ని ఉన్నంత ఎత్తుకీ లాగింది.
మెడ దగ్గర చిన్న వణుకు.
పైన పటారం. మర బిగించే చోట ప్లాస్టిక్కు.
దుంపల సంచి కొసకి తగిలించింది.
స్టాండూ, సంచీ, ఒటారి పరువూ
ఒకేసారి ఒరిగాయి.

"దుంపలు మొయ్యడానిక్కాదమ్మా, లైటుకి!"
"లైటు కింద మనుషులు కూచుంటారు, ఒటారీ."

ఆరేళ్ళ కిందట ఇలాంటిదే కొంది, సగం ధరకి వస్తోందని.
ఎతేరి మనవణ్ణి ఒళ్ళో పెట్టుకు కూచుంది.
బచానా, మూడేళ్ళవాడు, తీగ చూశాడు. లాగాడు.
గొడుగంత వెలుగు మొగ్గింది.
అప్పటికే సియాలా వేలు మీట నొక్కేసింది.
ఆ ఫోటో ఇప్పటికీ సొరుగులో ఉంది:
సగం తెల్లగా కాలిపోయి,
వాడి నడినెత్తి మీద అడ్డంగా ఒక ముసలి అరచెయ్యి.
అంత వేగం ఆ చేతికి ఎక్కణ్ణించి వచ్చిందో.
మణికట్టు రెండు నెలలు కట్టులో ఉంది.
ఎతేరి డబ్బు అడగలేదు. ఫోటో కూడా అడగలేదు.
అదే ఇంకా సలుపుతుంది.

అందుకే ఇవాళ బేరం ఒక పట్టాన తెగదు.
కాళ్ళు విప్పి, నేల మీద ఎంత మేర పరుచుకుంటాయో
జానలతో కొలిచింది.
గొట్టాన్ని గోటితో కొట్టి చెవి ఒగ్గింది.
మర సగమే తిప్పి, పై గొట్టం జారుతుందేమో చూసింది.
మోచేత్తో పొడిచింది, ఎవరో పరాకుగా తగిలినట్టు.
ఒటారి నిట్టూర్చాడు. తను పట్టిన కుందేలుకి
మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం?
అందులోనూ ఇక్కడ నిజంగానే మూడు.

చివరికి మూలనుంచి లాగారు దుమ్ముపట్టిన ఉక్కుది.
ఏదో సినిమా స్టూడియో మూతపడ్డప్పుడు వచ్చిందట.
ఎత్తడానికి ఇద్దరు కావాలి.
తగిలిస్తే దుంపలు ఊగాయి, స్టాండు ఊగలేదు.
మినీబస్సు డ్రైవరు దానికీ టికెట్టు అడిగాడు.
ఇచ్చింది.
రియోని ఒడ్డు ఇసుక నింపి రెండు సంచులు కుట్టి
కాళ్ళ మీద వేసింది.

శనివారం బచానా వచ్చాడు, బడి కార్డుకి ఫోటో కావాలని.
ముందుపళ్ళ మధ్య సందు. వెనకే ఎతేరి,
ఆ చెయ్యి కోటు జేబులో.

"ముందు దాన్ని పట్టుకు ఊపు," అంది సియాలా.
వాడు నానమ్మ వంక చూశాడు.
"ఊపరా, గట్టిగా."
ఊపాడు. భుజం ఆనించి తోశాడు. నవ్వాడు.
వెలుగు ఉన్నచోటే ఉంది.

ఎతేరి చెయ్యి మాత్రం జేబులోంచి
సగందాకా బయటికొచ్చి
ఆగింది.