మాసిక

స్వానేతి లోయలో ఫిబ్రవరి.
తెల్లారకముందే మోకాలి లోతు మంచులోకి
బర్చి చెక్క కాగడాలు గడప దాటి వస్తున్నాయి.
ఇంట్లో ఎందరు మగవాళ్లో అన్ని కాగడాలు,
కడుపులో ఉన్నవాడికీ ఒకటి.
ఆడపిల్ల పుడితేనో? అన్నాను.
నిప్పుకి అంత పట్టింపు లేదులే
అంది నా దుబాసీ ఎలీసో, ముక్కు తుడుచుకుంటూ.

నాకు కావలసింది వెలుగు.
దానికోసం రెండు విమానాలు, ఒక డొక్కు వ్యాను,
పదకొండు గంటల మలుపులు, దారిలో రెండు వాంతులు.
చలికి చచ్చిపోతాయని బ్యాటరీలను
చంకలో పెట్టుకుని పొదుగుతున్నాను.
సమాధుల దగ్గరికి నడిచేవాళ్లను
కాస్త ఇటు తిరగమని
చేత్తో సైగ చేస్తున్నాను.

ఇక్కడ నల్లరాళ్ల మీద ముఖాలు చెక్కుతారు.
ఒకాయన సిగరెట్టుతో, ఒకాయన ట్రాక్టరు పక్కన,
ఒకావిడ పెళ్లికి వెళ్తున్నట్టు.
ఒక్క రాయి మాత్రం ఖాళీ.
దాని ముందు లమారా
రొట్టె తుంచి, సారా ఒలికించి,
నా మెడలోని కెమెరా వైపు తిన్నగా వచ్చింది.

మూడు చలికాలాల కిందట
నీలాంటివాడే ఒకడు వచ్చాడు, ఎర్రగడ్డం.
మా జాన్సుగ్‌ని కాగడాతో తీశాడు.
పంపిస్తానన్నాడు.
మీరంతా ఒకరికొకరు తెలుసుగా?

ఇంట్లో ఒకే ఫొటో ఉందట.
పట్టాలం బట్టల్లో పంతొమ్మిదేళ్లవాడు.
శిల్పి దాన్నే చెక్కుతానంటే వద్దంది.
ఆ కుర్రాణ్ణి నేనెరగను,
నాకు తెలిసినవాడిది బట్టతల.

కాదు, తెలియదు అనబోయాను.
అప్పటికే చేతితొడుగు పళ్లతో లాగేసి
వంకరబోయిన బొటనవేలితో
నా నాలుగొందల పన్నెండు బొమ్మలూ తిప్పుతోంది.
వీడు కళ్లు మూశాడు.
ఈవిడకీ ఆవిడకీ మాటల్లేవు, పక్కపక్కన ఎలా పెట్టావు?
ఇదేంటి, ఒట్టి పొగ.
నేను గర్వపడ్డ వాటిని
బియ్యంలో రాళ్లలా పక్కకి నెట్టేసింది.

ఒకచోట ఆగింది.
చెరిపేద్దామనుకున్న బొమ్మ అది.
ఎవరో అడ్డొస్తే కదిలిపోయింది,
ఒక భుజం, ఒక కోటు చెయ్యి, అంతే.
మోచేతి దగ్గర గోనెదారంతో వేసిన మాసిక.
ఆయన కోటు, అంది.
ఇప్పుడు మనవడు గెగా వేసుకుంటున్నాడు,
వాడికి భుజాలింకా నిండలేదు.
వేలితో ఆ కుట్టును తడిమింది.
అద్దం జారుతోంటే మళ్లీ తడిమింది.
ఏడవలేదు.
కుట్టు వంకర పోయిందని తిట్టుకుంది.

ఆ రాత్రి బసలో, పొయ్యి పక్కన,
ఫోనుకి దొరికిన కాస్త సిగ్నల్‌తో
ఎర్రగడ్డాన్ని వెతికాను. దొరికాడు.
పోటీలో రెండో బహుమతి వచ్చిన బొమ్మ:
వృద్ధుడు, కాగడా, మంచు.
పేరు లేదు.
నెత్తిన ఉన్ని టోపీ, బట్టతల ఉందో లేదో తెలియదు.
మోచేయి బొమ్మ అంచు అవతల ఉండిపోయింది.

నా బొమ్మ కింద ఇలా రాసుకున్నాను:
కోటు జాన్సుగ్‌ది.
చెయ్యి గెగాది.
మాసిక లమారాది.

రెండో బహుమతిని ఎలీసోకి పంపాను,
ఈయనేనా, అడుగు అని.
పై ఊరి దారి మంచుకి మూసుకుపోయింది.
ఒక్క టిక్కే పడింది.
పొయ్యిలో ఇంకో కట్టె వేసి
కూర్చున్నాను.