మూత ఉన్న గుడ్డు

గుంటూరు పెద్దాసుపత్రి, పదమూడో నంబరు గది.
కిటికీ పక్కన నా బల్ల.
బల్ల నిండా కళ్ళె డబ్బీలు,
మూతల మీద చెమటకి అలుక్కుపోయిన పేర్లు.

తుపాకుల అంకయ్య డబ్బీ ఇది నాలుగోసారి.
మూడుసార్లూ రంగేసి చూశాను,
ఆ నీలం పొలంలో
ఒక్క ఎర్ర గడ్డిపోచ దొరకలేదు.
దొరక్కపోయినా క్షయ మాత్రలు మొదలెట్టారు.
ఇటుకపొడి రంగులో నెత్తురు పడుతుంటే
ఇంకేం తోస్తుంది ఎవరికైనా?
ఐదు నెలలు మింగాడు.
ఉచ్చ ఎర్రబడింది,
కంచం వేరైంది, గ్లాసు వేరైంది,
మంచం గుడిసెలోంచి చూరు కిందికి జరిగింది.
నెత్తురు మాత్రం ఆగలేదు.

ఆ రోజు యాసిడ్ నిండుకుంది.
(బియ్యం అయిపోతే మా అమ్మ అనే మాట,
సీసాకీ అదే వాడతాను.)
ఇండెంటు పెట్టి వారం, స్టోరు గుమాస్తా భోజనంలో ఉన్నాడు.
ఊరికే కూర్చోలేక
గాజుపలక మీద ఓ చుక్క కళ్ళె, ఓ చుక్క ఉప్పునీళ్ళు.
రంగు లేదు, మంట లేదు.

తేనె రంగు గుడ్డు.
ఒక కొసన మూత,
ఆవకాయ జాడీకి బిగించినట్టు.
పక్కన ఇంకోటి. ఆ పక్కన మూడు.
ఎప్పుడో పరీక్ష కోసం గీసి
మార్కులొచ్చాక మరిచిపోయిన బొమ్మ
అంకయ్య ఊపిరితిత్తుల్లోంచి లేచొచ్చి
నన్ను గుర్తుపట్టింది.
ఇన్నాళ్ళూ నేను పోసిన యాసిడ్‌లోనే
ఇవి కరిగిపోయి ఉంటాయి.
డాక్టరు గారికిచ్చిన కాగితంలో ఆ ముక్క రాయలేదు.

వరండాలోకొచ్చి అడిగాను:
"పచ్చి పీతలు తింటావా?"
అంకయ్య నేలకేసి చూశాడు.
నేనడిగింది ఒక ప్రశ్న, అతను విన్నది వేరొకటి.
రేషను కొట్టు దగ్గర, స్టేషను దగ్గర,
బడిలో పిల్లాడి పేరు రాయించేటప్పుడు
యానాదుల్ని అడిగే గొంతే నాదీ.
"మేమూ వండుకునే తింటాం మేడమ్."

వాళ్ళమ్మ చెంచులమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.
"నేనే తాపానమ్మా, దగ్గుకి.
కొమ్మమూరు కాలవలో పట్టుకొచ్చి, రోట్లో దంచి,
గుడ్డలో పిండి, మిరియప్పొడేసి.
తగ్గలా. మళ్ళా తాపా.
అయినా తగ్గకపోతే ఇంకాసిని."

పీత కొండీలు కరిచిన పాత గాట్లు
ఆమె వేళ్ళ నిండా.
ఆ వేళ్ళతోటే కొడుకు వీపు రాస్తూ నిలబడింది.
గుడ్డు మాట ఎలా చెప్పాలో తెలీక
చేతిలో స్లైడు అటూ ఇటూ తిప్పాను.

చెరుకుపల్లిలో మా నాయనమ్మ
వాన పట్టగానే నా ముక్కు మూసి
అదే రసం గొంతులో పోసేది.
మా ఇంట్లో దాని పేరు వైద్యం.

డాక్టరు గారు వేరే మాత్రలు రాశారు.
"మూడు రోజులేనా?" అన్నాడు అంకయ్య
మోసపోయినవాడిలా.
కాసేపాగి, చాలా చిన్నగా,
"మరి కంచం కలపొచ్చా?"
కలపొచ్చన్నాను.
ఇది మనిషి నుంచి మనిషికి రాదన్నాను.
రెండోసారి చెప్పించుకున్నాడు,
మూడోసారి వాళ్ళమ్మ వినేట్టు.

చెంచులమ్మకి ఇంకా లెక్క తేలలేదు.
"పీత ఎంతసేపు ఉడకాలమ్మా?"
"ఎసరు మరిగి అన్నం ఉడికేంతసేపు."
"రసం?"
"రసం వద్దు."
"పిల్లకాయలకి దగ్గొస్తే ఏం తాపమంటావు మరి?"
"ఇక్కడికి తీసుకురా."
వరండా చివరిదాకా ఉన్న వరుసని చూసింది,
కొంగు ముడిలో బస్సు చిల్లర తడుముకుంది.
ఏమీ అనలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక
కొత్త డబ్బీ తీసి
మూత మీద నా పేరు రాశాను. వయసు యాభై రెండు.
దగ్గు రాలేదు.
తలుపు గడియ పెట్టి
తెప్పించుకున్నాను.