పన్నెండు నూర్లు

పొద్దున డ్యూటీకి పోతా నాయన
పన్నెండు నూర్లు చేతిలో పెట్టినాడు.
ఫీజుకన్నాడు. ఏ ఫీజని చెప్పలేదు.
ఇంజనీరింగు కౌన్సిలింగుకు అంతే కట్టాలని
మా వీధిలో అందరికీ తెలుసు.
నోట్ల మడతల్లో సన్నగా థర్మల్ బూడిద.
మా ఇంట్లో ఏ డబ్బైనా అట్లనే ఉంటాది,
దులిపి లెక్కపెట్టుకోవాల.

ఎర్రగుంట్ల నెట్ సెంటర్లో
ప్రతాపు నా ర్యాంకు చూసి
"ఎలక్ట్రికల్ పెట్టుకో మాబున్నీ,
మీ నాయన బూడిదెత్తే కాడ్నే
నువ్వు ఏసీలో కూచుంటావు" అన్నాడు.
ఎగతాళి కాదు.
వాళ్లక్క అట్లనే కూచునింది.

నాకు రాయి గుర్తుకొచ్చింది.

తొమ్మిదో తరగతి ఎండాకాలం
కడప నుంచి ఒక మేడం వచ్చింది
శెనగచేని గట్టున పడున్న రాయి కోసం.
మేము దానిమీద కూచోని సద్ది తిన్నోళ్లం,
కొడవండ్లు నూరినోళ్లం.
బకెట్ పట్టుకోమంటే పట్టుకున్నా.
తడికాగితం పరిచి, బ్రష్షుతో తట్టి తట్టి
సిరాగుడ్డ అద్దుతా ఉంటే
నల్లటి దాంట్లోంచి తెల్లగా
ఒకొక్క అక్షరం లేచి కూచునింది.
బడిలో మాకు నేర్పకుండా దాటేసిన బండి ఱ
ఆడ ఠీవిగా ఉంది.
కూడబలుక్కుంటా చదివినా: రే... నా...
"నువ్వు నిలబడిన నేల పేరే అది" అనింది మేడం.
ఆ దినం నా అరికాళ్లకు దడ పుట్టింది.

నిన్న రాత్రి
సంగటిముద్దలో గుంట చేసుకుంటా నాయన అడిగినాడు,
"ఏముంది ఆ రాతిలో?"
ఎవరో ఎవరికో భూమి ఇచ్చినారు. కింద సగం పగిలిపోయింది.
"ఇచ్చినోని పేరుందా?"
ఉంది.
"తీసుకున్నోనిది?"
ఉంది.
"కొట్టినోనిది?"
లేదు నాయనా.
"ఎండలో కూచోని అంత రాయి కొట్టినాడే,
కూలెంత ఇచ్చినారో అదన్నా ఉందా?"
పగిలిన సగంలో ఉందేమో.
నాయన చెయ్యి కడుక్కున్నాడు.
"చూడు మళ్ల" అన్నాడు.

చూడు, అందుకే ఎలక్ట్రికల్, అనా?
చూడు, పోయి కనుక్కో, అనా?
మా నాయన మాటకు
శాసనాల మాదిరే విరామాలుండవు.
యాడ విడగొట్టాల్నో మనమే తేల్చుకోవాల.

"ఓటీపీ చెప్పు" అన్నాడు ప్రతాపు.
చెప్పలా.
డిగ్రీ అడ్మిషన్ల పేజీ తెరవమన్నా.
బీఏ. హిస్టరీ. కడప.
రెండుసార్లు అడిగినాడు నిజంగానేనా అని,
మూడోసారి అడక్కుండా నొక్కినాడు.
దానికి మూడు నూర్లు,
మిరపకాయలు కోసిన నా కూలి.
ధైర్యమని ఎవురన్నా అంటే నమ్మొద్దు,
మౌసు మీద నా చెమట తుడుచుకున్నాడు పాపం.

సాయంత్రం గేటు కాడ నాయన సైకిలాపినాడు.
కనుబొమ్మల్లో బూడిద.
"అయిందా?"
అయింది.
ఏదని అడగలేదు.
ఎనక ఎక్కి కూచున్నా.
సంచిలో పన్నెండు నూర్లు
మడత విప్పకుండా అట్లనే ఉన్నాయి.
ఇల్లు చేరేలోగా చెప్పాల.
మూడు మైళ్లు.
ఎదురుగాలి.