పెన్సిలు చుక్కలు

హాజరుపట్టీలో రెండే గుర్తులు,
వచ్చిన పిల్లకొకటి, రాని పిల్లకొకటి.
వచ్చి కూడా రాని పిల్లకి
ఏ గుర్తు పెట్టాలో పైనుంచి ఉత్తర్వులేమీ లేవు.

ఢిల్లేశ్వరి, రెండో తరగతి.
మూడో గంట కొట్టేసరికి
పొట్ట పట్టుకుని నా బల్ల దగ్గరికొస్తుంది.
"కడుపు నొప్పండి మేడం."
వంటామె కన్నమ్మనడిగి వాము నమిలించాను,
వేణ్ణీళ్ళు తాగించాను.
ఒకసారి, దాచడమెందుకు, కసిరాను కూడా.
"ఎక్కాలప్పుడే వస్తుందేమే నీకు?"
ఆ పిల్ల తల దించుకుని
నొప్పిని వెంటబెట్టుకుని
తన చోటికి తను వెళ్ళిపోయింది.
ఆ నడక రాత్రి అన్నం దగ్గర కూడా కనబడింది నాకు.

మర్నాటినుంచి తన పేరు వరసలో
నొప్పి వచ్చిన రోజున పెన్సిలుతో ఓ చుక్క.
నెలాఖరుకి చూస్తే
మంగళవారం, శుక్రవారం,
మంగళవారం, శుక్రవారం.
మా ఉద్దానంలో ఈ లెక్క తేలడానికి
లెక్కల టీచరు అక్కర్లేదు:
తెల్లారగట్ల ఆటో, పలాస ఆసుపత్రి,
నాలుగు గంటల మిషను.

మధ్యాహ్నం కుళాయి అరుగు మీద
ఇద్దరం గుడ్లు ఒలుచుకుంటూ కూచున్నాం.
మొహం చూడకుండా అడిగాను.
(మొహం చూసి అడిగితే పిల్లలు
జవాబు చెబుతారు, మాట చెప్పరు.)

"మా నాన్న రగతం కడుగుతారటండి.
సబ్బేసి కడుగుతారా మేడం?
మంటెడతాదా?"

ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది.
పిల్లల మనసుల మీద
శ్రీకాకుళంలో మూడు రోజుల శిక్షణ,
టీ, బిస్కెట్లు, ఒక సర్టిఫికెట్టు.
సబ్బు సంగతి అక్కడెవరూ చెప్పలేదు.
"నాకు తెలీదమ్మా" అన్నాను,
"మీ నాన్ననే అడుగుదాం."

శనివారం ప్రార్థన మధ్యలోనే పరుగెత్తుకొచ్చింది.
"సబ్బు కాదటండి! మంట నేదట!
సలేస్తాదట."
పై మంగళవారం
మోచేతుల దగ్గర చినిగిన తన గులాబీ స్వెట్టరు
తండ్రి సంచిలో కుక్కి పంపింది.
ఏడేళ్ళ పిల్ల స్వెట్టరు
ఆ మనిషికి ఒక చేతికైనా పట్టదు.
నాలుగు గంటలూ ఒళ్ళో పెట్టుకున్నాడట.

నొప్పి పోయిందని చెప్పను.
ఆ వారం రాలేదు. పై వారం వచ్చింది.
కానీ ఇప్పుడు కొలిచి చెప్తుంది:
"ఈయాల సగమేనండి."
సగం చుక్క ఎలా పెట్టాలో తెలీక
పెన్సిలు ఆ పిల్ల చేతికే ఇచ్చేశాను.

ఇంక అందరికీ కావలసొచ్చింది చుక్క.
పక్కవాణ్ణి కొరికిన జోగినాయుడు
అరగంట గోడకేసి చూసి, చూసి,
"మా మేకపిల్ల సచ్చిపోనాదండి" అన్నాడు.
తులసి జుత్తు విరబోసుకునే వచ్చింది,
జీడి వొలిచి వొలిచి
వాళ్ళమ్మ వేళ్ళు కాలిపోయాయి, జడెయ్యలేదు.
హేమంతుకి ఏమీ లేదు.
"ఊరికేనండి" అన్నాడు.
ఊరికే అయినా చుక్క చుక్కే, పెట్టాను.

తనిఖీకొచ్చిన ఆఫీసరుగారు
కళ్ళజోడు సర్దుకున్నారు.
"ఏటమ్మా ఇవి, రిజిస్టరు మీద?"
"ఈగలండి" అన్నాను.
ఆయన నవ్వలేదు. తుడిచెయ్యమన్నారు.
తుడిచాను.
వేలితో తడిమితే నొక్కులు ఇంకా తగులుతాయి.

నిన్న నేనే ఆలస్యంగా వచ్చాను బడికి.
ఎందుకో కన్నమ్మకి కూడా చెప్పలేదు.
నల్లబల్ల మీద తేదీ వేస్తుంటే
సుద్దముక్క రెండుసార్లు విరిగింది.

ఢిల్లేశ్వరి లేచొచ్చి
రిజిస్టరు తెరిచింది.
పంతొమ్మిది పేర్లూ వేలు పెట్టి చదివింది, పైనుంచి కిందికి.
నా పేరు లేదు.
కింద ఇరవయ్యో వరస ఖాళీగా ఉంది.
అక్కడ పెన్సిలు ఆనించి
నాకేసి చూడకుండా అడిగింది:

"సగమా మేడం, మొత్తమా?"