తొమ్మిదో ప్రశ్న

ఫారంలో తొమ్మిదో ప్రశ్న:
ఈ జంతువునే ఎందుకు ఎంచుకున్నారు?
జవాబుకి రెండు లైన్లు వదిలారు.
మూడు రోజులుగా రెండూ తెల్లగానే ఉన్నాయి.

ఎలుక అని రాసేయొచ్చు.
చవక. ఇరవై పంజరాలు ఒక్క అల్మారాలో పడతాయి.
దాని పొట్టలోని ధమనికి వేలిగోరంత గొట్టం అతికిస్తే
రెండు కొసల నుంచీ కణాలు పాకి వచ్చి
కొద్ది వారాల్లోనే నడుమ కలుసుకుంటాయి,
ధూల్‌పేట గల్లీలో ఎదురెదురు గుమ్మాల వాళ్లు
మెట్టు దిగకుండానే గిన్నెలు మార్చుకున్నట్టు.
ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది.
లోపలి గోడంతా నున్నగా.

గౌసుద్దీన్ గారి తొడ నుంచి మోకాలి కిందికి
మూరెడు గొట్టం.
అందులో కణాలు ఈ కొస బొటనవేలంత, ఆ కొస బొటనవేలంత
పాకి, ఆగిపోతాయి.
పురానాపూల్ రెండు చివర్లా గడ్డి మొలిచి
నడుమ వట్టి రాయి మిగిలినట్టు.
ఏళ్లు గడిచినా ఆ నడుమ మానదు.
నెత్తురు రోజూ ఆ పరాయి గోడను తడుముతూ పోతుంది,
గడ్డకట్టనా, వద్దా అనుకుంటూ.

ఉస్మానియా వార్డులో ఆయన అడిగాడు:
"బస్సులకు ముప్పై ఏళ్లు హోజు పైపులు మార్చిన బేటీ,
దీనికి గ్యారంటీ ఎన్నేళ్లు?"
నేను పశువుల డాక్టర్ని. చూడ్డానికి వచ్చానంతే.
మంచం చివర చార్టు చదువుతున్నట్టు నటించాను.

పంది అన్నారొకరు. గుండె మనలాంటిదేనట.
కానీ అది వారంవారం పెరుగుతుంది, గొట్టం పెరగదు,
అతుకు దగ్గర పీకుతుంది.
కుక్క అనగానే
కమిటీలో నలుగురూ కిటికీ వైపు చూశారు.
నలుగురిళ్లలోనూ ఒక్కొక్కటి ఉంది.
ఇక గొర్రె. మెడ పొడుగు, ధమని తిన్నన.
గొర్రెకి ఎవరూ అడ్డు చెప్పలేదు.
అదీ నాకు నచ్చలేదు.

షామీర్‌పేట షెడ్డులో నీళ్లు పడుతూ బీరయ్య అన్నాడు:
"మేడం, మీరు తెచ్చేటియన్నీ ఏడాది పిల్లలు.
కోసినా వారంల మానుతయ్.
మా అమ్మకు కాలు మీద పుండు
రెండేండ్లు మాన్లే. షుగరు."
బకెట్ నిండి పొర్లుతోంది. ఇద్దరం చూడలేదు.

ఇన్నాళ్లూ తొందరగా మానేవాళ్లని పిలిచి
మానకపోవడం గురించి అడిగాం.
వాళ్లు అబద్ధం చెప్పలేదు.
వాళ్లకి తెలిసింది చెప్పారు.

తెల్లారుజామున జియాగూడ మండీ.
ముసలి గొర్రె కావాలంటే బేరగాడు నవ్వాడు,
"బిర్యానీల ఉడకది అమ్మా, నాలుగు సీటీలకు గూడ."
బీరయ్య ఒక్కోదాని పెదవి ఎత్తి చూస్తూ పోయాడు.
ఒక నల్ల గొర్రె దగ్గర ఆగాడు:
ముందు పళ్లు మూడు లేవు,
మోకాలి మీద ఎప్పటిదో మచ్చ, ఇంకా గులాబీ రంగులోనే.
ట్రాలీ ఆటోలో దారంతా
అది నా చున్నీ నములుతూనే ఉంది.

గొర్రె మనిషి కాదు, తెలుసు.
దీని నడుమ కూడా నిండిపోవచ్చు,
నా లెక్కంతా తప్పు కావచ్చు.
మొదటి లైనులో రాశాను:
ఇది నెమ్మదిగా మానుతుందని అనుకుంటున్నాం.
రెండో లైను మీద పెన్ను ఆగింది.
అక్కడ రాయాల్సింది దానికి చెప్పాలి, కమిటీకి కాదు.

బీరయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు.
"పండ్లు లెవ్వు గదా మేడం,
జొన్నలు నానబెట్టాల్నా?"

నానబెట్టు, అన్నాను.