తీర్మానం నంబరు పదిహేడు

రాసింది నేనే. చేతిరాత నాదే.
"సభ్యులందరూ ఏకగ్రీవముగా" అన్నచోట
చివరి దీర్ఘం కాస్త పక్కకి జారింది.
ఫ్యానుగాలికి కాయితం కదిలిందావేళ.

దానపత్రం బీరువా రెండో అరలో ఉంది.
పదిహేనెకరాల ముప్పై సెంట్ల లేఅవుటులో
కోడు వారన ఎకరం యాభై మూడు సెంట్లు
పంచాయతీకి దఖలు పరచడమైనది,
శాశ్వతంగా ఖాళీగా ఉంచవలెను,
నీటికీ చెట్టుచేమకీ తప్ప మరెందుకూ వాడరాదు.
టైపు కొట్టినవాడెవరో
శాశ్వతంగాలో సున్నాని ఎంత గట్టిగా నొక్కాడంటే
కాయితానికి అక్కడ చిల్లు పడింది.

ప్లానులో ఆ ముక్కకి ఆకుపచ్చ రంగు.
అమలాపురం రోడ్డు మీద వాళ్ళ బోర్డులోనూ ఆకుపచ్చే,
ఊయల మీద ఒక పాప, పక్కన కుక్కపిల్ల.
నేల మీద మాత్రం తుంగ, జమ్ము,
మోకాలి లోతు బురద,
అడుగుల చప్పుడికి దూరిపోయే నీటికోళ్ళు.
ఇళ్ళు కొన్నవాళ్ళొచ్చి పార్కేదండీ అన్నారు.
ఇదేనండీ అన్నాను.
నా మొహంలోకి చూసి, నవ్వుతానేమోనని ఆగారు.

మొదట ఒక్క లారీ మెరక మట్టి.
ఎవరు తోలించారో తెలీదు.
లారీకి నంబరుంటుంది కదండీ అన్నాను.
"నంబరు లేని లారీ ఉంటుందేటమ్మా"
ప్రెసిడెంటు బొక్కా భీమశంకరం గారు నవ్వారు.
ఆ నవ్వులో కోపం లేదు.
కోపమే ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో.

తరవాత అన్నీ మంచి పనులే.
నీళ్ళ ట్యాంకుకి నలభై సెంట్లు, ఎవరు కాదంటారు?
ఆరోగ్య ఉపకేంద్రానికి ఇరవై,
ఆ గదిలో మా చెల్లెలి పిల్లాడికి టీకా వేయించాను.
కొబ్బరి డొక్కల యార్డుకి అరవై, లీజు, తాత్కాలికం.
తాత్కాలికం అన్న మాటకి చిల్లు పడలేదు.
నున్నగా కూర్చుంది కాయితం మీద.

గెడ్డం సువార్తయ్య పాత లస్కరు.
సోమవారం అర్జీల వరసలో
వెదురుకర్ర పట్టుకుని నిలబడ్డాడు.
అర్జీ రాయించుకోలేదు, నోటితోనే చెప్పాడు:
"కోడుకీ ఒళ్ళుంటదమ్మా.
పొంగినప్పుడు ఒత్తిగిలాలి.
మంచాన్ని గోడకి నొక్కేసి
అటూ ఇటూ మనుషుల్ని పడుకోబెట్టి
మధ్యలోదాన్ని నిద్రపొమ్మంటే
అదెక్కడికి దొర్లుద్దీ?"
పరిశీలించబడును అని రాశాను.
ఆయన ఆ అక్షరాలకేసి చాలాసేపు చూశాడు,
కొలబద్ద మీద గీతల్ని చూసినట్టు.

అక్టోబరులో వాయుగుండం.
నాలుగో వరస, అయిదో వరస,
మూడు రాత్రులు మంచాల మీద మంచాలు.
ఎవరిదో గ్యాసుబండ తేలుకుంటూ వచ్చి
ట్యాంకు మెట్ల దగ్గర ఆగింది.
తాగేనీళ్ళు పైన, మురుగునీళ్ళు కింద,
మధ్యలో జనం.

నాలుగోరోజు డివిజను నుంచి జీపు.
ఖాళీ స్థలం వదిలారా?
వదిలారండీ.
పత్రం, ప్లాను, రిజిస్టరు, అన్నీ వరసగా పెట్టాను.
అన్నీ సక్రమంగా ఉన్నాయన్నారాయన.
నిజమే. ఫైలు తడవలేదు.

ఆ సాయంత్రం టేపు పట్టుకుని వెళ్ళాను.
రెండో కొస సువార్తయ్య పట్టాడు.
ట్యాంకు గోడకీ డొక్కల కుప్పకీ మధ్య
ముప్పై మూడు సెంట్లు మిగిలాయి.
అందులో మట్టి పడనిది ఎంతో
చీకట్లో తేలలేదు.
నీటికోడి ఒకటి అరిచింది, లేదా కప్పేమో.

పదిహేడో తీర్మానం రద్దుకి నోటు పెట్టాను.
అజెండాలో "ఇతర అంశములు" కింద,
వీధిదీపాల తరవాత.
రెండు నెలలుగా దీపాల దగ్గరే సభ ముగుస్తోంది.

హద్దురాళ్ళు నాలుగింటికి మాటాడాను.
పేరేం చెక్కమంటారమ్మా, పంచాయతీదేనా అన్నాడు రాళ్ళాయన.
కాదు, కోడుదని చెక్కు అన్నాను.
రాళ్ళొచ్చాయి, ఆఫీసు వరండాలో ఉన్నాయి.
జనం వాటి మీద కూర్చుని
పింఛను కోసం ఎదురుచూస్తున్నారు.
బిల్లు ఏ పద్దులో రాయాలో
నాకింకా తెలీలేదు.